మెంతులు మందే, అందుకే లెక్క కావాలి

మెంతులు షుగరుకు పనిచేస్తాయా అని మా మందుల షాపులో అడిగేవాళ్లకు నేను పనిచేస్తాయనే చెబుతాను. ఇంగ్లీషు మందులమ్మే మనిషి నోట ఆ మాట వస్తుందని చాలామంది అనుకోరు. వెంటనే నా ప్రశ్నలు మొదలవుతాయి: ఎన్ని తీసుకుంటున్నారు, ఎలా తీసుకుంటున్నారు, వాటితోపాటు ఏ బిళ్ళలు వేసుకుంటున్నారు? అక్కడికొచ్చేసరికి జవాబు పలచబడిపోతుంది. “ఏదో ఓ చెంచాడండి. రాత్రి నానేసి పొద్దున్నే ఆ నీళ్లు తాగేస్తున్నాను.” నానిన గింజలేం చేశారంటే, పారేశామంటారు. డాక్టరుగారికి చెప్పారా అంటే, “మెంతులేగా, చెప్పడానికేముందండి” అంటారు.

చెప్పడానికి చాలా ఉంది.

నేను తణుకులో ఫార్మసిస్టుని. బీఫార్మసీ చదివాను, పెళ్లయ్యాక అత్తవారి షాపులోనే కౌంటరు దగ్గర కూర్చున్నాను. మా బజారులో మందుల షాపుకీ కిరాణా కొట్టుకీ మధ్య నాలుగడుగులే దూరం. ఒకే మనిషి ఇక్కడ మెట్‌ఫార్మిన్ కొని, అక్కడ పావుకిలో మెంతులు కొని ఇంటికి పోతాడు. ఆ రెండూ ఒకే కడుపులోకి పోతాయన్న సంగతి మాత్రం అటు డాక్టరు చీటీలోనూ ఉండదు, ఇటు కిరాణా చిట్టాలోనూ ఉండదు. నా బాధ అదే.

ముందు మంచి సంగతి చెప్పాలి, ఎందుకంటే అది మన ఊళ్లదే. షుగరు మీద మెంతుల ప్రభావం గురించి ప్రపంచంలో ఎవరు రాసినా ఎత్తిచూపే పని హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో జరిగింది. 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు పరిశోధనకని మొదలై, 1958లో హైదరాబాదుకు మారిన సంస్థ అది. అక్కడి ఆర్.డి. శర్మ, టి.సి. రఘురామ్, ఎన్.ఎస్. రావు గార్లు 1990లో ఒక అధ్యయనం ప్రచురించారు. టైప్-1 షుగరున్నవాళ్లకు పదిరోజుల పాటు రోజుకు 100 గ్రాముల మెంతిపొడి పెట్టారు. నూనె తీసేసిన పొడి అది. సగం మధ్యాహ్నం భోజనంలో, సగం రాత్రి భోజనంలో కలిపారు. పరగడుపు షుగరు తగ్గింది, మూత్రంలో పోయే చక్కెర సగానికి పైగా తగ్గింది, కొలెస్ట్రాల్ కూడా దిగింది. ఆ తర్వాత శర్మగారే టైప్-2 వాళ్ల మీద రోజుకు 25 గ్రాముల చొప్పున, నెలల తరబడి పెట్టి చూశారు. అక్కడా ఫలితం కనిపించింది. తర్వాత ఇతర దేశాల్లో జరిగినవాటిని కలిపి తూచిన సమీక్షలు కూడా తగ్గుదల ఉందనే అన్నాయి. చాలావరకు చిన్న అధ్యయనాలని, ఒకదాని మోతాదుకూ ఇంకోదానికీ పొంతన లేదని కూడా అన్నాయి.

ఇప్పుడు 25 గ్రాములంటే ఎంతో చూడండి. టీ చెంచాడు మెంతులు తలగొట్టి తూస్తే నాలుగు గ్రాముల దగ్గర ఆగుతాయి. అంటే శర్మగారి అధ్యయనంలో పనిచేసిందని తేలిన ఆ మోతాదు రోజుకు ఆరేడు చెంచాలు. అది కూడా తినాలి, తాగడం కాదు. మెంతిగింజలో దాదాపు సగం పీచే. అందులో జిగురుగా సాగే రకం ఉంది చూశారా, నానబెడితే వేళ్లకు అంటుకునేది, అదే అన్నంలోని పిండిపదార్థాన్ని పేగుల్లో పట్టి ఉంచి, చక్కెర రక్తంలోకి ఒక్కసారిగా దూకకుండా చూస్తుంది. దీనికి తోడు ఇన్సులిన్ ఊరడానికి సాయం చేసే ఒక అమైనో ఆమ్లం కూడా గింజలో ఉంది. నానబెట్టిన నీటిలోకి ఆ జిగురు కొంత దిగుతుంది, మిగతాదంతా గింజలోనే ఉండిపోతుంది. నీళ్లు తాగి గింజలు పారేయడమంటే, పప్పు ఉడికించి కట్టు వంచుకుని పప్పు పారబోయడమే.

జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు ఆ రోజుల్లోనే మామూలు జనానికి అర్థమయ్యేలా చెప్పారు. మెంతులు నానబెట్టి గానీ పొడిచేసి గానీ చపాతీలో, దోసెల పిండిలో, పప్పులో, కూరలో కలుపుకోండి, భోజనంతోపాటు తీసుకోండి, మొదట్లో కొందరికి విరేచనాలూ గ్యాసూ రావచ్చు, డాక్టరిచ్చిన మందులు మాత్రం మానొద్దు అన్నారు. అందులో మనవాళ్లు మొదటి సగమే పట్టుకున్నారు. ‘మెంతులు షుగరుకు మంచివి’ అన్న మాట ఊరూరా పాకింది. ఎంత, దేంతో, ఎప్పుడు, మందులు మానొద్దు అన్న మాటలు దారిలో రాలిపోయాయి. ఇప్పుడు ఫోన్లలో తిరిగే వీడియోల్లో ‘నలభై రోజుల్లో షుగరు మాయం’ అన్న ఒక్క వాక్యమే మిగిలింది.

దీనివల్ల జరిగే నష్టం రెండు రకాలు. ఒకటి చప్పుడు లేకుండా వస్తుంది. చెంచాడు నీళ్లు తాగుతున్నామన్న ధీమాతో బిళ్ళలు తగ్గించేస్తారు. మాకు తెలిసిన ఒక బాబాయిగారు, రైసుమిల్లులో గుమస్తా, నెలనెలా క్రమంగా మందులు పట్టుకెళ్లే మనిషి, రెండు నెలలు కనిపించలేదు. తర్వాత వస్తే అడిగాను. “మెంతినీళ్లతో బాగుందమ్మా, ఒంట్లో తేలిగ్గా ఉంది” అన్నారు. రక్తపరీక్ష చేయించమని నేనే గట్టిగా చెప్పాను. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పదికి పైన వచ్చింది. షుగరు రెండొందలు దాటి నెలలు గడిచినా మనిషికి తేలిగ్గానే ఉంటుంది, ఈ జబ్బు దొంగతనమే అది. కళ్లకీ కిడ్నీలకీ అరికాలికీ మాత్రం తేలిగ్గా ఉండదు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే లెక్క ప్రకారం దేశంలో షుగరున్నవాళ్లు పదికోట్లు దాటారు. వాళ్లలో ఎందరు ఇలా చెప్పకుండా బిళ్ళ పక్కన పెట్టారో ఏ సర్వేకీ చిక్కదు.

రెండో నష్టం చప్పుడు చేస్తూ వస్తుంది. మెంతులు నిజంగా పనిచేస్తాయి కాబట్టే వస్తుంది. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి బిళ్ళలూ, ఇన్సులిన్ ఇంజక్షన్లూ షుగరును బలంగా కిందకు దించుతాయి. వాటి మీద పొడి ఎక్కువ మోతాదులో గానీ, సారం తీసిన క్యాప్సూళ్లు గానీ వేసి, పైగా పూట భోజనం ఆలస్యం చేస్తే లో షుగర్ వస్తుంది. ఒక మధ్యాహ్నం మా కౌంటరు ముందే ఒకాయనకు చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడింది. గ్లూకోమీటరులో యాభై లోపు చూపించింది. జేబులో చూస్తే గ్లిమెపిరైడ్ పట్టీ, ఇంకో కవర్లో ఎవరో తెప్పించి ఇచ్చిన మెంతి సారం క్యాప్సూళ్లు. పొద్దున్నుంచి టిఫిను లేదు. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాం, పావుగంట తర్వాత మళ్లీ చూశాం, పెరిగాక కూడా ఆసుపత్రికే పంపాం. ఈ రకం బిళ్ళల వల్ల పడిన షుగరు కొన్ని గంటల తర్వాత మళ్లీ పడొచ్చు కాబట్టి ఇంటికి పంపకూడదు. ఇంట్లో షుగరు మనిషి ఉన్న ప్రతివాళ్లూ ఇది తెలుసుకోవాలి. 70 కన్నా తగ్గి మనిషి స్పృహలో ఉంటే వెంటనే పంచదార. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా నేరుగా ఆసుపత్రి.

మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు ఈ భయం చాలా తక్కువ. ఈ తేడా ఏ వీడియోలోనూ చెప్పరు. మందు పేరు తెలియకుండా, మెంతులు నీకు మంచివో కాదో చెప్పడం ఎవరి వల్లా కాదు.

షుగరును దాటి చూస్తే థైరాయిడ్ బిళ్ళ సంగతి ఉంది. మా షాపులో బిళ్ళకీ మెంతినీళ్లకీ ముడి పడేది ఎక్కువగా అక్కడే, ఆడవాళ్ల దగ్గర. థైరాక్సిన్ పరగడుపున వేసుకోవాలి. మెంతినీళ్లూ పరగడుపునే తాగమని చెప్పారు. కాబట్టి ఒక చేత్తో బిళ్ళ, ఇంకో చేత్తో మెంతిగ్లాసు. పీచు ఎక్కువగా ఉన్నదేదైనా ఈ బిళ్ళ ఒంటికి పట్టకుండా అడ్డుపడగలదు. థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ అంకె దిగడం లేదని మోతాదు పెంచుకుంటూ పోతారు. నేను చెప్పేది చిన్నదే: బిళ్ళ మామూలు నీళ్లతో వేసుకోండి, కనీసం గంట ఆగండి, మెంతులు భోజనంలోకి మార్చండి. నిజానికి మెంతులు పనిచేసేది కూడా భోజనంతోనే, పరగడుపున కాదు. ఈ ఒక్క మార్పుతో రెండు పనులూ చక్కబడతాయి.

గుండెలో వాల్వు మార్చినవాళ్లు, కాళ్లలో రక్తం గడ్డకట్టినవాళ్లు వార్ఫరిన్, ఎసినోకౌమరాల్ వాడుతుంటారు. రక్తం ఎంత పలచగా ఉందో చూసే పీటీ-ఐఎన్ఆర్ పరీక్ష అంకె రెండుకీ మూడుకీ మధ్య, కొందరికి ఇంకొంచెం పైన, గీత గీసినట్టు నిలబడాలి. మెంతులూ, బోల్డో అనే ఇంకో మూలికా కలిపి వాడిన ఒక వార్ఫరిన్ రోగికి ఆ అంకె పెరిగి, మానేస్తే తగ్గి, మళ్లీ మొదలుపెడితే మళ్లీ పెరిగిందని 2001లో వైద్యపత్రికలో వచ్చింది. ఒక్క రోగి సంగతే, అందులోనూ రెండు మూలికల్లో తప్పు దేనిదో తేలలేదు. అయినా వాల్వు పెట్టించుకున్న మనిషి మీద ప్రయోగం చేసే హక్కు ఎవరికీ లేదు. మొన్న ఒకమ్మాయి అడిగింది, “నాన్నగారికి ఆవకాయ పెట్టొచ్చా అండి, అందులో మెంతిపిండి ఉంటది కదా” అని. పెట్టమన్నాను. ఆవకాయలో మెంతిపిండీ, పులుసు పోపులో మెంతులూ, దోసెల పప్పుతో నానేసిన చిటికెడు గింజలూ ఎవరికీ మానాల్సిన పని లేదు (ఆవకాయలో ఉప్పు సంగతి వేరే, బీపీ ఉంటే అది చూసుకోవాలి). మెంతికూర పప్పు చేసుకోండి, మెంతికాయ పెట్టుకోండి. వంటకూ మందుకూ మధ్య గీత ఉంది. రోజూ చెంచాల లెక్కన గానీ క్యాప్సూళ్ల లెక్కన గానీ మొదలుపెట్టే రోజే ఆ గీత దాటినట్టు. అప్పుడు డాక్టరుకు చెప్పి తీరాలి. ఆపరేషనుకు వెళ్లేవాళ్లు మత్తుమందిచ్చే డాక్టరుకూ చెప్పాలి.

గర్భిణుల విషయంలో నేను కచ్చితంగా ఉంటాను. కూరలో, పప్పులో సరే. పొడి మోతాదుగా వద్దు, క్యాప్సూళ్లు అసలే వద్దు. గర్భసంచి బిగుసుకునేలా చేసే గుణం జంతువుల మీద చేసిన పరీక్షల్లో కనిపించింది, నిండు మనిషి మీద దాన్ని పరీక్షించి చూడమని ఎవరూ అడగకూడదు.

కాన్పయ్యాక కథ వేరు. బాలింతకు పాలు పడాలని మెంతులు పెట్టడం మన ఇళ్లలో పాత అలవాటు. అమెరికాలో కాన్పయిన మన పిల్లలు కూడా అక్కడ సీసాల్లో అమ్మే మెంతి క్యాప్సూళ్లు మింగుతున్నారు, వాళ్ల అమ్మలు పురుటికి వెళ్లేటప్పుడు నన్ను అడిగి వెళ్తారు. పాలు పెరుగుతాయా అంటే కొన్ని అధ్యయనాలు ఔనంటాయి, కొన్ని తేడా లేదంటాయి. బిడ్డను తరచుగా రొమ్ముకు పట్టించడమంత గట్టి మందు ఇంకోటి లేదన్నది మాత్రం అందరూ ఒప్పుకున్నదే. తల్లికి షుగరో ఆస్తమానో వేరుసెనగ పడకపోవడమో ఉంటే అడక్కుండా మొదలుపెట్టకూడదు. మెంతులు పప్పుజాతి మొక్కవి. వేరుసెనగ పడనివాళ్లలో కొందరికి ఇవీ పడవు.

వాసన సంగతి చాలామందికి తెలియదు. మెంతుల్లో సోటొలోన్ అనే పదార్థం ఉంది. ఎక్కువగా తింటే చెమటకీ మూత్రానికీ బెల్లంపాకం లాంటి తీపివాసన వస్తుంది. పెద్దవాళ్లకు అది ఇబ్బందే గానీ అపాయం కాదు. కాన్పు సమయంలో తల్లి మెంతులు ఎక్కువగా తీసుకుంటే పుట్టిన బిడ్డకూ ఆ వాసన వచ్చిన సందర్భాలున్నాయి. మేపుల్ సిరప్ యూరిన్ డిసీజ్ అనే పుట్టుకతో వచ్చే జబ్బుకు గుర్తు కూడా సరిగ్గా ఆ వాసనే. ఆ జబ్బు ప్రాణాంతకం, గంటలు కూడా లెక్కే. డాక్టర్లు బిడ్డకు పరీక్షల మీద పరీక్షలు చేస్తారు, చేయాలి కూడా. తల్లి మెంతులు తిన్నదన్న ఒక్క మాట ముందే తెలిస్తే ఆ ఇంటివాళ్ల ప్రాణం కొంత కుదుటపడుతుంది. మేనరికాలు ఎక్కువున్న మన ప్రాంతంలో ఇలాంటి పుట్టుజబ్బుల భయం ఊరికే పోయేది కాదు. అందుకని వాసన మెంతులదే అని ఇంట్లో తేల్చేసుకుని కూర్చోకూడదు, మెంతులు తిన్నానని చెప్పి పరీక్ష చేయించాలి.

మొలకల మాట కూడా చెప్పాలి. చేదు తగ్గుతుందని మెంతిమొలకలు పచ్చివే తినమంటున్నారు ఇప్పుడు. 2011 మే నుంచి జులై దాకా జర్మనీలో ఒక ఈ.కోలై సూక్ష్మజీవి విరుచుకుపడింది. మూడువేల ఎనిమిది వందల మందికి పైగా జబ్బుపడ్డారు, యాభై మందికి పైగా చనిపోయారు, వందలమందికి కిడ్నీలు దెబ్బతిన్నాయి. మొదట స్పెయిన్ దోసకాయల మీద అనుమానపడ్డారు, అక్కడి రైతులు నష్టపోయారు. చివరికి ఆచూకీ తీస్తే ఈజిప్టు నుంచి దిగుమతైన మెంతిగింజలతో పెంచిన మొలకల దగ్గర తేలింది. గింజకంటిన సూక్ష్మజీవికి మొలక కట్టే తడి, వెచ్చదనం రెండూ కావలసినవే, ఒక్కరోజులో లక్షలవుతుంది. మన ఎండల్లో తడిగుడ్డలో రెండు రోజులు మూటకట్టిన మొలకల సంగతి వేరే చెప్పక్కర్లేదు. మొలకలు తినండి, ఆవిరి మీద ఉడికించి తినండి. గర్భిణులు, చిన్నపిల్లలు, ముసలివాళ్లు, షుగరు ఎక్కువున్నవాళ్లు పచ్చివి ముట్టొద్దు.

ఇవన్నీ చదివి మెంతుల మీద భయం పుడితే నా ఉద్దేశం దెబ్బతిన్నట్టే. నాకు వాటి మీద ప్రేమే ఉంది. రోజుకు రెండు పూటలా భోజనంలో రెండేసి చెంచాల వేయించిన మెంతిపొడితో మొదలుపెట్టి, కడుపు ఒప్పుకున్న కొద్దీ మెల్లగా పెంచుకుంటూ, ఇంట్లో గ్లూకోమీటరుతో చూసుకుంటూ, అంకెలు ఒక పుస్తకంలో రాసి డాక్టరుకు చూపించిన ఒక టీచరమ్మకు బిళ్ళ మోతాదు తగ్గింది. తగ్గించింది డాక్టరు, పరీక్ష చూసి. ఆవిడ ఒక్కపూట కూడా సొంతంగా మానలేదు. మెంతులు మందుగా వాడటమంటే నా దృష్టిలో అదీ.

మన పాత వైద్యులు ఈ పద్ధతి తెలిసినవాళ్లే. మందు ఇచ్చేముందు ఏం తింటున్నావు, ఎప్పుడు తింటున్నావు అని అడిగి, పథ్యం చెప్పి పంపేవాళ్లు. ఇప్పటికీ మా కౌంటరు దగ్గర బీపీ బిళ్ళ కొన్నవాళ్లు “పథ్యమేమన్నా ఉందాండి” అని అడుగుతారు. తిండికీ మందుకూ సంబంధం ఉందని జనానికి తెలుసు. అడగాల్సినవాళ్లే అడగడం మానేశారు. డాక్టరుకు రోగికి మూడు నిమిషాలు కూడా దొరకవు, నాకు తెలుసు. కానీ “ఇంట్లో ఇంకేమన్నా తాగుతున్నారా” అన్న ప్రశ్నకు పది సెకన్లు చాలు. తిట్టకుండా అడగాలి, అంతే. “అలాంటివి మానేయండి” అని ఒకసారి కసిరితే ఆ మనిషి మానేయడు, చెప్పడం మానేస్తాడు. సాటి ఫార్మసిస్టులకూ ఇదే నా మనవి.

అమ్మేవాళ్ల సంగతికి చట్టం ఉంది. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమిడీస్ చట్టం కొన్ని జబ్బుల పేర్లు జాబితా రాసి, వాటిని నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే నేరమంది. ఆ జాబితాలో షుగరు ఉంది. మొదటిసారికి ఆరు నెలల దాకా జైలు. అయినా ‘షుగరుకు శాశ్వత విముక్తి’ అని బోర్డులు, వీడియోలు, సీసాల మీద బొమ్మలు. అదే సీసా తిప్పి చూస్తే వెనక చీమతలకాయంత అక్షరాల్లో వైద్య అవసరాలకు కాదని రాసి ఉంటుంది, అలా రాయాలని ఆహార భద్రత నిబంధనలే చెబుతాయి. ముందువైపు ఒక మాట, వెనకవైపు ఒక మాట రాసేవాళ్ల మీద డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు కేసులు పెట్టాలి. మా షాపులు తనిఖీ చేసేంత పట్టుదలగా వాటినీ తనిఖీ చేయాలి.

ప్రభుత్వానికి నేను అడిగేది ఒక్కటి. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ఇంటింటికీ వచ్చి బీపీ, షుగరు చూసి వివరాలు రాసుకుంటున్నారు. రోగుల చేతికి పుస్తకాలూ ఇస్తున్నారు. అందులో మందుల పేర్లు రాసే పేజీలో, వాటి కిందే, ఇంటి మందులకు నాలుగు గళ్లు గీయండి: పేరు, రోజుకు ఎంత, ఏ వేళకు, ఎప్పటి నుంచి. మెంతులు అక్కడ రాస్తారు, కాకరరసం రాస్తారు, తిప్పతీగ రాస్తారు, ఎవరో ఇచ్చిన పేరులేని పొడి కూడా రాస్తారు. వచ్చేసారి అచ్చు వేయించేటప్పుడే ఆ గళ్లు చేర్చొచ్చు.